రీఫ్ ట్యాంక్‌లో నీటి ప్రవాహం: రాళ్ల దగ్గర మొదలుపెట్టి పంపుల దాకా

నా మొదటి రీఫ్ ట్యాంక్‌ను, అంటే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అద్దాల తొట్టిని, ఏడాదిన్నర తర్వాత విప్పాల్సి వచ్చింది. వెనక అద్దానికి ఆనించి పేర్చిన రాళ్లు ఒక్కొక్కటే తీస్తుంటే వాటి వెనక మూడు వేళ్ల మందాన నల్లటి మడ్డి బయటపడింది. కెలకగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గదంతా కమ్మేసింది. లెక్క ప్రకారం చూస్తే ఆ ట్యాంక్‌లో ప్రవాహానికి లోటే లేదు. ట్యాంక్‌లో పట్టే నీటికి 40 రెట్లు గంటలో తిప్పే పంపులున్నాయి. ఆ నీళ్లన్నీ ముందు భాగంలోనే గిరగిరా తిరిగాయి తప్ప రాళ్ల వెనక్కి తొంగి కూడా చూడలేదు.

అప్పటి నుంచి పంపు డబ్బా మీద అంకె చూడటం తగ్గించాను. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడటం మొదలుపెట్టాను. కొత్తగా ట్యాంక్ పెడుతున్నవాళ్లు కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ పోవచ్చు. ఇప్పటికే ట్యాంక్ నడుస్తుంటే నేరుగా దారం పరీక్ష దగ్గరికి వెళ్లండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

పగడానికి ప్రవాహంతో పనేమిటి

చేపకు ఒక చోట ఊపిరాడకపోతే ఇంకో చోటికి ఈదుకుంటూ పోతుంది. పగడం అలా పోలేదు. తిండీ ఆక్సిజనూ దాని దగ్గరికే రావాలి, అది వదిలిన వ్యర్థాన్ని నీళ్లే మోసుకుపోవాలి. పైగా పగడం ఒంటిని అంటిపెట్టుకుని పలచటి నీటి పొర ఒకటి ఉంటుంది. చుట్టూ నీళ్లు కదులుతున్నా ఆ పొర దాదాపు నిలిచే ఉంటుంది. లోపలికి ఏది రావాలన్నా బయటికి ఏది పోవాలన్నా దాన్ని దాటాల్సిందే. ప్రవాహం పెరిగేకొద్దీ ఆ పొర పలచబడుతుంది.

పగడం కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు పగలంతా ఆక్సిజన్ తయారుచేస్తాయి. అది బయటికి పోకుండా లోపలే పోగుపడితే కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ప్రవాహం ఆ ఆక్సిజన్‌ను బయటికి లాగేయడం వల్లే ఈ క్రియ ఊపందుకుంటుందని ఎర్ర సముద్రపు పగడాల మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధన చూపించింది. 1998లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోయినప్పుడు, ఒకినావా తీరంలో కొన్ని బతికి కొన్ని చచ్చిపోవడానికి నీటి ప్రవాహంలోని తేడా కూడా ఒక కారణమని అక్కడి పరిశోధకులు తేల్చారు. అందుకే ఎవరైనా లైట్ పెంచుతానంటే, ముందు ప్రవాహం సంగతి చూసుకోమంటాను.

అంకెలు: ఎంతవరకు నమ్మాలి

పగడాలు పెంచేవాళ్లు సాధారణంగా చెప్పుకునే లెక్క ఇది. మెత్తటి పగడాలకు, అంటే సాఫ్ట్ కోరల్స్‌కు, ట్యాంక్ నీటికి గంటకు 10 నుంచి 20 రెట్లు. టార్చ్, హామర్ లాంటి పెద్ద పాలిప్‌ల (పగడంలో నోరున్న ఒక్కో జీవి ఒక పాలిప్) రకాలకు, అంటే ఎల్‌పీఎస్‌కు, 20 నుంచి 30 రెట్లు. అక్రోపోరా లాంటి చిన్న పాలిప్‌ల రకాలకు, అంటే ఎస్‌పీఎస్‌కు, 40 రెట్లు, ఆపైన. పంపు కొనేటప్పుడు ఏ సైజు తీసుకోవాలో తెలియడానికి ఈ లెక్క పనికొస్తుంది. అంతకుమించి దీనికి విలువ ఇవ్వకండి. ఒకే పంపును మూల నుంచి మధ్యకు జరిపితే అంకె మారదు గానీ ట్యాంక్ మొత్తం మారిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉన్న ట్యాంక్ 300 లీటర్లది. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా నీళ్లు సుమారు 250 లీటర్లు. రకరకాల పగడాలు కలిపి పెంచాలంటే 30 రెట్లు అనుకుందాం, గంటకు 7,500 లీటర్లు. దీన్ని ఒకే పెద్ద పంపుతో కాకుండా, ఒక్కొక్కటి 5,000 లీటర్లు తిప్పే రెండు పంపులు తీసుకుని తగ్గించి నడిపితే మంచిది. ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది. దిశ మార్చే వీలూ ఉంటుంది.

మొదటి పని: రాళ్లు

ప్రవాహం పంపు కొన్న రోజు మొదలవుతుందనుకుంటాం. నిజానికి అది రాళ్లు పేర్చేటప్పుడే ఖాయమైపోతుంది. రాళ్లను గోడలా కట్టేశాక ఎంత పంపు పెట్టినా అది గోడను కొట్టుకుని వెనక్కి వస్తుంది.

వెనక అద్దానికి, రాళ్లకు మధ్య చెయ్యి పట్టేంత సందు వదలండి. 8 నుంచి 10 సెంటీమీటర్లుంటే నీళ్లూ తిరుగుతాయి, అద్దం గీకడానికి చెయ్యీ దూరుతుంది. ముందు వైపు, పక్కల కూడా అంతే. ఒకే పెద్ద గుట్ట కన్నా రెండు చిన్న గుట్టలు నయం, వాటి మధ్య దారిలోంచి నీళ్లు వడిగా పోతాయి. గుహ పెడితే రెండు వైపులా తెరిచి ఉండాలి. ఒకవైపే తెరిచిన గుహ మడ్డికి గోదాములా తయారవుతుంది. కింది రాళ్లను వీలైనంత తక్కువ చోట్ల నేలకు ఆనించి, కాళ్ల మీద నిలబెట్టినట్టు పెట్టండి. రాయి అడుగు ఇసుక మీద కాదు, నేరుగా అద్దం మీద ఆనాలి. లేకపోతే ఇసుక తవ్వే గోబీ చేప ఏదో ఒక రాత్రి గుట్టను కూలుస్తుంది.

నీళ్లు పోయకముందే ఒక పని చేయండి. గదిలో లైట్లు తీసి, ఒక టార్చ్‌లైట్‌ను పంపు పెట్టాలనుకున్న చోట పట్టుకుని వెలిగించండి. వెలుతురు పడని చోట్లలో ఎక్కువ భాగం నీళ్లు కూడా నేరుగా చేరని చోట్లే. నీళ్లు వెలుతురులా తిన్నగా పోవు, వంగుతాయి, చుట్టి వస్తాయి. అయినా ఎక్కడ ఇబ్బంది రాబోతోందో ఒక అంచనా దొరుకుతుంది, రాయి జరపడానికి అదే సరైన సమయం.

రెండో పని: రిటర్న్ పంపు

సంప్, అంటే ట్యాంక్ కింద ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టి, ఉన్న ట్యాంక్‌లో కింది నుంచి పైకి నీళ్లు తోడే పంపు ఇది. దీంతోనే ప్రవాహం మొత్తం సాధించాలని చూడకండి. సంప్ గుండా గంటకు ట్యాంక్ నీటికి 5 రెట్ల దాకా వెళ్తే ఫిల్టర్‌కు, మలినాన్ని నురగతో తీసే స్కిమ్మర్‌కు సరిపోతుంది. మిగతా తిప్పుడంతా ట్యాంక్ లోపలి పంపులు చూసుకుంటాయి.

డబ్బా మీద రాసిన అంకె పంపు అసలు నీళ్లు ఎత్తనవసరం లేనప్పటిది. మీటరున్నర ఎత్తు, రెండు మూడు ఎల్బోలు దాటేసరికి అందులో సగమే మిగలొచ్చు. తెలుసుకోవడం తేలిక. రిటర్న్ పైపు కొసను 10 లీటర్ల బకెట్‌లో పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 24 సెకన్లు పడితే గంటకు 1,500 లీటర్లు వస్తున్నట్టు.

నాజిల్‌ను నీటి మట్టానికి ఒక అంగుళం లోపే కిందగా, కాస్త పైకి వాలుగా పెట్టండి. దీనికి రెండు కారణాలు. ఒకటి, నీటి పైభాగం కదలాలి. వాయువుల మార్పిడి అక్కడే జరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీళ్లు లీటరుకు 7 మిల్లీగ్రాముల లోపే ఆక్సిజన్ పట్టుకోగలవు, మంచినీళ్ల కన్నా ఇది తక్కువ. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. పైన తెట్టు కట్టిందంటే ఆ కొద్దిపాటి ఆక్సిజన్ చేరడమూ కష్టమే. రెండోది, కరెంట్ పోయినప్పుడు నాజిల్ సైఫన్‌లా వెనక్కి నీళ్లు లాగుతుంది. అది ఎంత లోతులో ఉంటే అంత నీరు సంప్‌లోకి దిగి నేల మీదికి పొంగుతుంది. పైపుకు నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం పెడితే గాలి దూరి సైఫన్ తెగుతుంది, కాకపోతే ఆ రంధ్రం పూడుకుపోకుండా చూసుకోవాలి. నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, సున్నం పట్టి అది ఎప్పుడు బిగుసుకుంటుందో తెలియదు. మొదటి రోజే స్విచ్ తీసేసి, సంప్ ఎంతవరకు నిండి ఆగుతుందో కళ్లారా చూసి గుర్తు పెట్టుకోండి.

మూడో పని: లోపలి పంపులు ఎక్కడ

పాత తరహా పవర్‌హెడ్‌లు సన్నటి గొట్టంలోంచి బలంగా ధార కొట్టేవి. ధార ఎదురుగా ఉన్న పగడం ఒలిచిపోయేది, పక్కనున్నది మగ్గిపోయేది. ఇప్పటి ప్రొపెల్లర్ పంపులు అదే కరెంట్‌తో వెడల్పాటి మెత్తటి ప్రవాహం ఇస్తాయి. గైర్ పంపులు పొడవాటి రోలర్‌తో పరదా లాంటి ప్రవాహాన్ని నెడతాయి, పొడవాటి ట్యాంక్‌లకు అవి చాలా బాగుంటాయి. వోర్టెక్ లాంటి కొన్నింటిలో మోటార్ అద్దం బయటే ఉంటుంది, అయస్కాంతంతో లోపలి రెక్క తిరుగుతుంది. మోటార్ వేడి నీళ్లకు తక్కువగా చేరుతుంది, లోపల వైరు కనిపించదు. ఎక్కువ డబ్బు పెట్టేది దీనికే.

120 సెంటీమీటర్ల ట్యాంక్‌కు నేను ఎప్పుడూ మొదట ప్రయత్నించే అమరిక చెబుతాను. ఎడమ అద్దానికి ఒకటి, కుడి అద్దానికి ఒకటి. ఒకటి నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద, వెనక మూలకు దగ్గరగా. రెండోది అంతకన్నా కాస్త లోతుగా, ముందు వైపుకు జరిపి. రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా, కొద్దిగా పక్కకు. ఎడమది నడుస్తుంటే నీళ్లు పైపైన కుడివైపు పోయి, అద్దం తాకి కిందికి దిగి, అడుగున వెనక్కి వస్తాయి. ట్యాంక్ మొత్తం ఒక పెద్ద చక్రంలా తిరుగుతుంది. కాసేపటికి కుడిది అందుకుంటుంది, చక్రం తిరగబడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అలలా కనిపించాలని రెండు పంపులనూ ఐదేసి సెకన్లకు మారుస్తారు. 250 లీటర్ల నీళ్లు కదలడం మొదలవడానికే కొంత సమయం పడుతుంది, అది ఊపందుకునేలోపే ఆపి ఎదురు తోస్తే పైపైన కుదుపు తప్ప అడుగున ఏమీ ఉండదు. నేను కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా ఒకవైపు నడవనిచ్చి మారుస్తాను. చిన్న అలల మోడ్ కావాలంటే ఆ పెద్ద మార్పు మీద అదనంగా పెట్టుకోండి. దిశ మారడం మాత్రం తప్పనిసరి. ఒకే వైపు నుంచి రోజంతా నీళ్లు తగిలే పగడానికి రెండో వైపు ఎప్పుడూ చాటే.

పంపుకు, దాని ఎదురుగా ఉన్న మొదటి పగడానికి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. పంపు మరీ పైన ఉంటే సుడి పుట్టి గాలి లాక్కుంటుంది, ట్యాంక్ అంతా నురగ బుడగలు. సుడి పోయేవరకు అంగుళం చొప్పున కిందికి దించండి. ఎనిమోన్ (పగడాలకు చుట్టమైన, పువ్వులా కనిపించే జీవి) తేవాలనే ఆలోచన ఉంటే అది రాకముందే పంపులకు జాలీ తొడగండి. ఎనిమోన్ నచ్చని చోటు నుంచి నడిచి వెళ్లిపోతుంది, పంపులోకి వెళ్లిందంటే దాంతో పాటు ట్యాంక్ నీళ్లు కూడా పాడవుతాయి.

అన్ని వైర్లూ సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, వైరు వెంబడి జారే ఉప్పునీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. కరెంట్ లీకైతే ట్రిప్ అయ్యే బ్రేకర్ లేకుండా రీఫ్ ట్యాంక్ నడపొద్దు.

దారం పరీక్ష

ఒక సన్నటి ప్లాస్టిక్ పుల్ల తీసుకుని దాని కొసకు బెత్తెడు నూలు దారం కట్టండి, రంగు వేయని తెల్లది. పంపులు నడుస్తుండగా పుల్లను నెమ్మదిగా ట్యాంక్‌లోకి దించి ఒక్కో చోటా పది సెకన్లు ఆపండి. పైన మధ్యలో దారం అడ్డంగా నిలబడి వణుకుతుంది. రాళ్ల దగ్గరికి తెస్తే ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతుంది. మీకు కావలసింది ఈ ఊగడమే. గుట్ట వెనక్కి తీసుకెళ్లండి, మూలల్లోకి, గుహలోకి, రాయి నీడలోకి. దారం వేలాడిపోయి కదలకుండా ఉంటే అది చచ్చిన చోటు. కాగితం మీద ట్యాంక్ బొమ్మ గీసుకుని అక్కడ ఒక ఇంటూ పెట్టండి. ఇప్పుడు పంపుల దిశ మార్చి మళ్లీ చుట్టూ తిప్పండి. ఒక దిశలో చచ్చిన చోటు రెండో దిశలో బతికితే ఫర్వాలేదు. రెండు బొమ్మల్లోనూ ఇంటూ పడిన చోట్లే అసలు సమస్య.

అలాంటి చోటు దొరికితే వెంటనే మూడో పంపు కొనకండి. ముందు ఉన్న పంపును అద్దం వైపు తిప్పి చూడండి, అద్దాన్ని తాకిన నీళ్లు చీలి మూలల్లోకి పోతాయి. తర్వాత ఒక రాయిని రెండు అంగుళాలు జరపండి. పది ట్యాంకుల్లో ఎనిమిదింటికి నాకు ఈ రెండూ సరిపోయాయి. అప్పటికీ కదలకపోతే గుట్ట వెనక అడుగున చిన్న పంపు ఒకటి పెట్టి పక్కకు తోయించండి.

వేగం తెలుసుకోవాలంటే చేపల తిండి పొడిని చిటికెడు వదిలి, ఒక రేణువును కళ్లతో వెంబడించండి. 30 సెంటీమీటర్ల దూరం రెండు సెకన్లలో పోతే సెకనుకు 15 సెంటీమీటర్లు. అక్రోపోరా కొమ్మల దగ్గర ఈ మాత్రం ఉంటే నేను సంతృప్తి పడతాను. టార్చ్ పగడం దగ్గర ఇందులో సగం చాలు.

ఇసుక గురించి ఒక మాట. పంచదార లాంటి సన్నటి ఇసుక అందంగా ఉంటుంది, గట్టి ప్రవాహానికి నిలవదు. మొదటి రాత్రి పంపులు పూర్తిగా పెట్టి పడుకుంటే పొద్దున్నే ఒక మూల ఎడారి దిబ్బ, ఇంకో మూల అద్దం అడుగు కనిపిస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజ ఉన్న ఇసుక తీసుకోండి. పంపులను ఒకేసారి పూర్తిగా పెట్టకుండా రోజుకు కొంచెం పెంచండి. ఎస్‌పీఎస్ మాత్రమే పెంచేవాళ్లలో చాలామంది ఈ గొడవంతా లేకుండా ఇసుకే వేయరు.

నాలుగో పని: పగడాన్ని బట్టి చోటు

దారం పరీక్షతో మీ దగ్గర ఒక పటం తయారైనట్టే. ఇక ఏ పగడం ఎక్కడో చూడాలి.

మష్రూమ్ పగడాలు, ట్రాకీఫిలియా లాంటివి అడుగున, నీళ్లు నెమ్మదిగా కదిలే చోట. లెదర్ కోరల్ మధ్యస్థంగా. ఇది అప్పుడప్పుడు ముడుచుకుని మైనం లాంటి పొర వదులుతుంది, చచ్చిపోతోందని టెన్షన్ పడకండి. ఆ పొర కొట్టుకుపోయేంత ప్రవాహం ఉంటే నాలుగు రోజుల్లో మళ్లీ విచ్చుకుంటుంది. జొయాంథిడ్‌లు ఎక్కడైనా సర్దుకుంటాయి, వాటి మీద మడ్డి వాలకుండా చూస్తే చాలు.

టార్చ్ కోరల్‌తో నాకు ఎదురుదెబ్బ తగిలింది. బాగా ఊగుతుంటే అందంగా ఉందని పంపుకు దగ్గరగా పెట్టాను. వారం రోజులు దాని టెంటకిల్స్, అంటే వేళ్లలాంటి మెత్తటి తీగలు, అన్నీ ఒకే పక్కకు వాలి, గాలివానలో గొడుగులా తిరగబడి ఉన్నాయి. పదో రోజుకు ఒక పక్కన కండ కిందికి జారి అస్థిపంజరం అంచు తెల్లగా, పలుగ్గా బయటపడింది. ఆ అంచుకే కండ గీరుకుపోయి తెగింది. ఆ తల మళ్లీ కోలుకోలేదు. టార్చ్, హామర్, ఫ్రాగ్‌స్పాన్‌లను చూసేటప్పుడు ఒక్కటే గుర్తు పెట్టుకోండి. టెంటకిల్స్ ఊగి మళ్లీ నిలబడాలి. వాలి అలాగే ఉండిపోతే ఎక్కువైనట్టు. అసలు ఊగకుండా ఉబ్బి వేలాడుతుంటే తక్కువైనట్టు.

అక్రోపోరా, మోంటిపోరాలను పైన, రెండు వైపుల నీళ్లు కలిసి గజిబిజిగా తిరిగే చోట పెట్టండి. ఎంత ప్రవాహమైనా పడుతుందని నేరుగా ధార ముందు పెడితే ఇవి కూడా ఒలుస్తాయి. కొమ్మల మధ్య మడ్డి కనబడితేనో, మొదలు దగ్గర నుంచి తెల్లబడుతూ వస్తేనో నేను మొదట అనుమానించేది ప్రవాహాన్నే.

నీళ్లు ఎటు పోతే పగడాల ఆయుధాలు కూడా అటే పోతాయి. గలాక్సియా లాంటివి రాత్రిళ్లు పొడవాటి కుట్టే టెంటకిల్స్ చాచుతాయి, ప్రవాహం వాటిని ఇంకా దూరం ఈడుస్తుంది. కాబట్టి వాటి దిగువ వైపు చాలినంత ఖాళీ వదలండి. దిశ మారే ట్యాంక్‌లో రెండు వైపులూ దిగువే అని మర్చిపోకండి.

కంట్రోలర్ సెట్టింగ్‌లు

రాత్రి ప్రవాహాన్ని మూడో వంతు దాకా తగ్గించవచ్చు, చేపలు నిద్రపోవడానికి చోటు దొరుకుతుంది. పూర్తిగా ఆపొద్దు. రాత్రిపూట ఆక్సిజన్ తయారీ ఉండదు, పగడాలు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ వాడుకునేవే. తిండి పెట్టేటప్పుడు 10, 15 నిమిషాలు ఆపితే పెద్ద పాలిప్‌లు ముద్ద పట్టుకోగలుగుతాయి. ఫీడ్ మోడ్ ఉంటే అదే వాడండి, తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ప్లగ్ తీసి పెట్టడం అలవాటైతే ఏదో ఒక రోజు మర్చిపోతారు.

నడుస్తున్నప్పుడు

పంపుల మీద ఊదారంగు కోరలైన్ నాచు, సున్నం పట్టి నెలనెలా ప్రవాహం తగ్గిపోతుంది. తగ్గేది కొంచెం కొంచెంగా కాబట్టి కంటికి ఆనదు. రెండు మూడు నెలలకు ఒకసారి పంపు తీసి, వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపిన బకెట్‌లో గంటసేపు నడిపించండి. బుస్సున బుడగలొస్తాయి, అది సున్నం కరుగుతున్నప్పటి కార్బన్ డయాక్సైడ్. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రెక్క, ఇరుసు, లోపలి గూడు తోమి మంచినీళ్లతో కడగండి. సిట్రిక్ యాసిడ్ కూడా అదే పని చేస్తుంది. రెండు పంపులనూ ఒకే రోజు కడగొద్దు. శుభ్రమైన పంపులు ఒక్కసారిగా ఊపందుకుంటే నిన్నటి నెమ్మదికి అలవాటుపడిన పగడాలు ముడుచుకుంటాయి.

వారానికోసారి రబ్బరు బుడ్డి ఉన్న బాస్టర్‌తో రాళ్ల మీద ఊదండి. ఎక్కడి నుంచి పొగలా మడ్డి లేస్తుందో అక్కడ ప్రవాహం చాలడం లేదు. ఎర్రటి జిగురు పొర, అంటే సయానో బ్యాక్టీరియా, పదేపదే ఒకే చోట పరుచుకుంటుంటే కూడా ముందు ఆ చోట దారం పెట్టి చూడండి. పోషకాలు ఎక్కువైనా అది వస్తుంది గానీ, నీళ్లు నిలిచే చోటు దానికి పరిచిన పక్కలాంటిది.

పగడాలు పెరుగుతాయి. పెట్టిన రోజు వేలెడంత ఉన్న అక్రోపోరా రెండేళ్లకు పొదలా అయి, తన వెనక ఉన్నవాటికే కాదు, తన లోపలి కొమ్మలకు కూడా నీళ్లు అందనివ్వదు. ఆరు నెలలకోసారి దారం పుల్ల బయటికి తీసి పాత బొమ్మతో పోల్చుకోండి. తేడా ఎక్కువగా ఉంటే పంపు పెంచే ముందు కత్తిరింపు ఆలోచించండి, ముక్కలు ఎవరికైనా ఇవ్వవచ్చు.

కరెంట్ పోయినప్పుడు

వెలుతురు లేకుండా పగడాలు ఒకటి రెండు రోజులు తట్టుకుంటాయి. కదలని నీళ్లలో మాత్రం, చేపలు ఎక్కువగా ఉన్న ట్యాంక్‌లో, కొన్ని గంటల్లోనే ఊపిరి కరువవుతుంది. డీసీ పంపుల్లో చాలావాటికి బ్యాటరీ బ్యాకప్ పెట్టుకునే వీలుంటుంది. అందులో ఒక్క పంపును, తక్కువ వేగంలో, నీటి పైభాగం వైపు తిప్పి నడిపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అది లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు, ఒక ఎయిర్‌స్టోన్ స్టాండ్ కింద పెట్టుకోండి. కరెంట్ పోగానే తానే మొదలయ్యే రకం దొరికితే మరీ మంచిది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా పనిచేస్తుంది. దాని పక్కనే మీ పంపుకు సరిపోయే ఒక అదనపు రెక్క, ఇరుసు కూడా ఉంచండి. అవి విరిగేది దాదాపుగా ఎప్పుడూ సెలవురోజునే.